పెద్దాపరేషన్ – ముందే వచ్చిపడే మెనోపాజ్

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మెనోపాజ్ గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం మీద వచ్చే వ్యాసాల్లో చాలా భాగం యాభైకి దగ్గరపడిన మధ్యతరగతి స్త్రీని దృష్టిలో పెట్టుకుని రాసినవే. పాలు తాగండి, రోజూ నడవండి, చిరాకు తగ్గించుకోండి అని ముగిస్తాయి. కానీ మన తెలుగు ప్రాంతాల్లో ముట్లుడగడం గురించి మాట్లాడాలంటే ముప్ఫై అయిదేళ్ళ స్త్రీ దగ్గర మొదలుపెట్టాలి.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో ఆ ఆపరేషన్ అయిన ఈ వయసు స్త్రీలలో సగంమందికి 34 ఏళ్ళు వచ్చేసరికే అయిపోయింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగాయి.

సహజంగా ముట్లుడగడానికి శరీరం కొన్నేళ్ళు తీసుకుంటుంది. అండాశయాలు నెమ్మదిగా పని తగ్గించుకుంటాయి, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, నెలసరి క్రమం తప్పుతుంది. పన్నెండు నెలలపాటు ముట్టు రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు జరుగుతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం, ఎముకలు బలహీనపడడం – ఇవి కొందరిని బాగా బాధిస్తాయి, కొందరికి తెలియకుండానే గడిచిపోతాయి. ఇది రోగం కాదు. అలాగని బాధపడే స్త్రీకి వైద్యం అవసరం లేదనీ కాదు.

ఇక ఆపరేషన్ సంగతి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలను ఉంచితే ముట్లు ఆగుతాయి గానీ హార్మోన్లు వెంటనే ఆగవు. అయితే అండాశయాలు కొన్నేళ్ళు ముందుగానే అలసిపోయే అవకాశం ఉంది. రెండు అండాశయాలూ తీసేస్తే, కొన్నేళ్ళలో జరగవలసిన మార్పు ఒక్క రోజులో జరుగుతుంది. ముప్ఫై అయిదేళ్ళకే ఎముకలు అరగడం, గుండెజబ్బు ముప్పు మొదలవుతాయి. పొలం పని, మట్టి పని చేసుకు బతికే మనిషికి ఎముకే కదా ఆస్తి!

నేను పరిశోధన కోసం గ్రామాల్లో మాట్లాడిన స్త్రీలలో చాలామందికి తమ శరీరంలోంచి ఏం తీశారో తెలియదు. "పెద్దాపరేషన్ అయింది" అంటారు, అంతే. ఒళ్ళు మండుతోందని, మోకాళ్ళు పట్టేస్తున్నాయని చెబుతారు గానీ ఆ బాధలకీ ఆపరేషన్‌కీ సంబంధం ఉండవచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఎలా జరుగుతోంది? చిన్నతనంలో పెళ్ళి, ఇరవయ్యోపడి మధ్యకల్లా కాన్పులు అయిపోయి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర నుంచి పట్నంలో నర్సింగ్‌హోమ్‌కి. అక్కడ ఒక స్కానింగు, క్యాన్సర్ వస్తుందన్న భయం. "పిల్లలు పుట్టారుగా, ఇంక ఆ సంచితో పనేముంది?" అనే మాట. ఈ ఒక్క మాటలో మన శరీరాన్ని పితృస్వామ్యం ఎలా చూస్తుందో మొత్తం ఉంది. అలాగని ఆపరేషన్ చేయించుకున్న స్త్రీని తప్పుపట్టలేం. నెలనెలా కూలి పోతుంటే, పనిచేసేచోట మరుగుదొడ్డి లేకపోతే, ముట్టు పీడ వదిలిపోతే చాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరకు కూలీలలో ఇన్ని ఆపరేషన్లు ఎందుకని 2019లో బయటపడినప్పుడు, పని మానితే జరిమానా వేసే కాంట్రాక్టు పద్ధతి కూడా ఒక కారణంగా కనిపించింది.

తెల్లబట్ట చాలాసార్లు ఇన్‌ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోన్ ఉన్న లూప్ ఉంది. క్యాన్సర్ వంటి సందర్భాల్లో గర్భసంచి తీయక తప్పదు. ముట్లుడిగిన తర్వాత మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం అశ్రద్ధ చెయ్యకుండా పరీక్ష చేయించుకోవాలి.

హార్మోన్ మందుల కథ కూడా తెలుసుకోవాలి. 1966లో అమెరికాలో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు మెనోపాజ్‌ను లోపజబ్బుగా చిత్రించి, ఈస్ట్రోజెన్‌తో ఎప్పటికీ ఆడతనం నిలుస్తుందని పుస్తకం రాశాడు. 2002లో 16,608 మంది మీద జరుగుతున్న అధ్యయనాన్ని రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగిందని మధ్యలో ఆపేశారు. దాంతో అందరూ భయపడి మందులు మానేశారు. కానీ ఆ అధ్యయనంలో స్త్రీల సగటు వయసు 63. అరవై లోపు, ముట్లుడిగిన పదేళ్ళలోపు మొదలుపెట్టేవారిలో చాలామందికి మేలే ఎక్కువని ఆ తర్వాతి విశ్లేషణల్లో తేలింది. చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, సహజ మెనోపాజ్ వయసు వరకు హార్మోన్ ఇవ్వాలన్నది ఇప్పటి వైద్యుల మాట. విచిత్రమేమిటంటే, అవసరం ఎక్కువున్న మన కూలి స్త్రీకి ఈ మాట చెప్పేవారే లేరు. కోసేటప్పుడు కనబడిన వైద్యవ్యవస్థ ఆ తర్వాత కనబడదు.

అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. రాష్ట్రాలన్నీ వాటిని మూడు నెలల్లో అమల్లో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. మీ జిల్లాలో కమిటీ ఉందా? ఎప్పుడు సమావేశమైంది? అడగండి.

ప్రతి ఊళ్ళో మన సంఘాలు ఈ ప్రశ్నలు నేర్పాలి: నా జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? ఇంకో డాక్టరుకి చూపించుకోవచ్చా? ఏమేం తీస్తారు, అండాశయాలు ఉంచుతారా? ఆ తర్వాత నాకేమవుతుంది, ఎవరు చూస్తారు? డిశ్చార్జి కాగితం ప్రతి స్త్రీ చేతికీ రావాలి. ఇప్పటికే ఆపరేషన్ అయినవారి కాగితాలు మనం చదివి పెట్టాలి. వారికి ఎముకల పరీక్ష, హార్మోన్ సలహా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇవ్వాలని కూడా డిమాండ్ చెయ్యాలి.

గర్భసంచికి పిల్లలను కనడమొక్కటే పని అనుకున్నంతకాలం ఆ పని అయిపోగానే దాన్ని కోసిపారేస్తూనే ఉంటారు. ఈ శరీరం మనది, కాన్పులకు ముందూ మనదే, తర్వాతా మనదే. ఈ మాట ఊరూరా చెప్పే పని మీరు తీసుకోవాలని కోరుతున్నాను.