కలిసిన తరువాతి ముప్పై ఏళ్లు



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఇద్దరు మగవాళ్ల మధ్య, ఒక పల్లెటూళ్లో, నిదానంగా పాకానికొచ్చిన ప్రేమ గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతలివారు ఒక్క క్షణం ఆగి "సరే, కానివ్వండి" అన్నారు. ఆ ఒక్క క్షణం మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

"ఇవన్నీ పట్నవాసపు పోకడలండీ, పల్లెల్లో ఎక్కడున్నాయి?" అనే మాట మీరూ వినే ఉంటారు. అందుకే పట్నం వదిలి పల్లెకు చేరిన ఒక జంటను ఎంచుకున్నాను. వాళ్లు మన దేశం వాళ్లు కారు. కానీ వాళ్ల ఇంటి దారిలో మనకు తెలిసిన మనుషులు కొందరు తగులుతారు.

ఎడ్వర్డ్ కార్పెంటర్ 1844లో ఇంగ్లండులో ఒక కలిగిన కుటుంబంలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివాడు, చర్చిలో పురోహితుడయ్యాడు, 1874లో ఆ కొలువు వదిలేశాడు. ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల్లో ఖగోళశాస్త్రం, సంగీతం గురించి ఉపన్యాసాలిస్తూ తిరిగాడు. 1882లో తండ్రి పోతే వాటాగా దాదాపు 6,000 పౌన్లు చేతికొచ్చాయి. ఆ మరుసటి ఏడు డెర్బీషైర్‌లో, షెఫీల్డ్ నగరానికి దగ్గర్లోని మిల్‌థార్ప్ అనే చిన్న ఊళ్లో ఏడెకరాలు కొని ఇల్లు కట్టుకున్నాడు. కూరగాయలు, పళ్లు పండించి బండి మీద సంతకు తోలుకెళ్లి అమ్మేవాడు. అలీగఢ్ కాలేజీలో పాఠాలు చెబుతున్న హెరాల్డ్ కాక్స్ అనే స్నేహితుడు కాశ్మీరు నుంచి ఒక చెప్పుల జత పంపిస్తే, వాటిని చూసి తానే చెప్పులు కుట్టడం నేర్చుకుని అమ్మకం మొదలుపెట్టాడు. ఇంగ్లండు మేధావుల కాళ్లకు మన చెప్పులు తొడిగించినవాడని ఈయన్ని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు.

1891లో, సిలోన్, ఇండియా చూసి తిరిగొచ్చిన కొద్దికాలానికే, రైలు పెట్టెలో ఒక యువకుడు కనబడ్డాడు. పేరు జార్జ్ మెరిల్. షెఫీల్డ్ మురికివాడలో పుట్టి పెరిగినవాడు, పెద్దగా చదువుకోలేదు, దొరికిన పనల్లా చేసుకు బతికేవాడు. కార్పెంటర్‌కు అప్పటికి నలభై ఆరేడేళ్లు, అతనికి పాతిక లోపు. కార్పెంటర్ మిత్రులతో కలిసి స్టేషన్లో దిగి నడుస్తుంటే మెరిల్ కాస్త దూరంలో వెనకాలే వచ్చాడు. నాలుగు మాటలు, ఒక చిరునామా. ఆ రోజుకి అంతే.

తరువాత ఏడేళ్లు గడిచాయి. కథ చెప్పేవాళ్లు ఈ ఏడేళ్లను ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. మిల్‌థార్ప్ ఇంట్లో అప్పుడు వేరే కుటుంబం కార్పెంటర్‌తో కలిసి ఉంటోంది. మెరిల్ వస్తూ పోతూ ఉండేవాడు. 1895 జనవరిలో కార్పెంటర్ ఇటువంటి ప్రేమను సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి, అమ్మకానికి పెట్టకుండా తెలిసినవాళ్లకు పంచాడు. ఏప్రిల్‌లో రచయిత ఆస్కార్ వైల్డ్ అరెస్టయ్యాడు, మే నెలలో రెండేళ్ల కఠిన శిక్ష పడింది. 1885 నాటి చట్టం ప్రకారం మగవాళ్లిద్దరి మధ్య ఏ రకమైన "అసభ్య" వ్యవహారమైనా నేరమే, తలుపులు వేసుకున్న ఇంట్లో అయినా సరే. దాంతో కార్పెంటర్ తరువాతి పుస్తకం వేస్తానన్న ప్రచురణకర్త వెనక్కి తగ్గాడు. దేశమంతా భయం పట్టుకున్న ఆ రోజుల్లో ఇద్దరూ తొందరపడలేదు, విడిపోనూలేదు. 1898 ఫిబ్రవరిలో ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. మెరిల్ తన సామానంతా తోపుడుబండిలో వేసుకుని, మంచు తుపానులో కొండదారిన ఆ ఇంటికొచ్చాడు.

అడ్డు చెప్పిందెవరు? ఊరివాళ్లకంటే ముందు చదువుకున్న స్నేహితులు. కార్పెంటరే తన ఆత్మకథలో ఆ సంగతి నవ్వుతూ రాశాడు. ఇంట్లో ఆడదిక్కు లేకుండా ఇద్దరు మగవాళ్లు ఎలా కాపురం ఉంటారని వాళ్ల బెంగ. దాని అడుగున ఇంకో బెంగ ఉంది. స్నేహితుడు మగవాడైతే పోనీలే అనుకునేవాళ్లు కూడా, మురికివాడ మనిషి బల్ల దగ్గర సమానంగా కూర్చోవడం మింగలేకపోయారు. మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కులం దాటిన ప్రేమల మీద మన ఇళ్లలో జరిగే వాదన వింటే చాలు, "అబ్బాయి మంచివాడే, కానీ" అన్న చోట ఆ గొంతు పట్టుబడుతుంది.

మెరిల్ వంటిల్లు చేతిలోకి తీసుకున్నాడు. వండాడు, ఊడ్చాడు, గదుల్లో పూలు సర్దాడు, ఊరి పబ్బులో పాటలు పాడాడు. కార్పెంటర్ కంటే మెరిలే ఊరివాళ్లతో ఇట్టే కలిసిపోయాడు. సోషలిస్టులు, శాకాహారులు, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడేవాళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్లు, అందరికీ ఆ ఇంట్లో టీ పెట్టింది అతనే. పుస్తకాల మీద పేరు మాత్రం ఒక్కరిదే.

ఈ కథను పల్లె మహిమగా చెప్పడం నాకిష్టం లేదు. వాళ్లను కాపాడినవాటిలో ఊరి మంచితనం ఒకటైతే, ఆ 6,000 పౌన్లు ఇంకొకటి. అదే ఊళ్లో ఇద్దరు కూలీలు ఇలా ఉండగలిగేవారా? నాకు నమ్మకం లేదు. 1909లో ఒబ్రయన్ అనే పెద్దమనిషి కార్పెంటర్‌ను పేరుపెట్టి తిడుతూ కరపత్రం వేశాడు. కేసు మాత్రం రాలేదు. ఆ ఏడాదే గాంధీగారు ఓడలో కూర్చుని "హింద్ స్వరాజ్" రాశారు. నాగరికత ఒక జబ్బని వాదించిన కార్పెంటర్ పుస్తకాన్ని అందులో పాఠకులు చదవాల్సిన పుస్తకాల జాబితాలో చేర్చారు. గాంధీగారి పుస్తకం మనలో చాలామంది చదివాం. ఆ జాబితాలోని మనిషి ఇంట్లో ఇంకెవరున్నారో మనకెవరూ చెప్పలేదు.

1913లో ఇంగ్లిషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ ఆ ఇంటికొచ్చాడు. మెరిల్ చనువుగా నడుము కింద తట్టాడట. ఆ స్పర్శతోనే ఒక నవల మనసులో పడిందని ఫార్‌స్టర్ తరువాత రాశాడు. ఈయనకు మన హైదరాబాదుతోనూ చుట్టరికముంది. తాను ఎంతగానో ప్రేమించిన, ఆ ప్రేమను ఆ రూపంలో తిరిగివ్వలేకపోయిన మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్ నిజాం రాజ్యంలో విద్యాశాఖ అధిపతిగా ఉన్నాడు. 1921లో ఫార్‌స్టర్ అక్కడికొచ్చి ఆయన దగ్గర గడిపాడు. "ఎ పాసేజ్ టు ఇండియా" ఆయనకే అంకితం.

మిల్‌థార్ప్‌లో పుట్టిన ఆ నవల "మారిస్". షేర్ల వ్యాపారి మారిస్, వేటతోటల కాపలాదారు అలెక్, చివరికి ఇద్దరూ కలుస్తారు. వాళ్లను విడదీయకూడదు, చంపకూడదు అని ఫార్‌స్టర్ పట్టుబట్టాడు. అందుకే బతికుండగా అచ్చు వేయలేదు. 1970లో ఆయన పోయాక, 1971లో వచ్చింది. అప్పటికి ఇంగ్లండులో చట్టం సడలి నాలుగేళ్లు. కలిసిన తరువాత వాళ్లు కట్టెలు కొట్టుకుంటూ బతికే ఒక చివరి అధ్యాయం కూడా మొదట రాశాడు. అది కుదరక తీసేశాడు.

నా తీర్పు ఇక్కడే ఉంది. ఫార్‌స్టర్ గొప్ప రచయితే. కానీ అంత గొప్ప రచయితకూ, ఆ వంటింట్లో నిలబడి చూసొచ్చాక కూడా, కలిసిన తరువాతి మామూలు రోజులు చేతికి చిక్కలేదు. అడవిలోకి పంపేసి చేతులు దులుపుకున్నాడు. అసలు జంట అడవికి పోలేదు. పన్ను కట్టారు, ముసలివాళ్లయ్యారు, 1922లో గిల్‌ఫర్డ్‌కు మారారు. 1928 జనవరిలో మెరిల్ ముందు పోయాడు. మరుసటి ఏడు జూన్ 28న కార్పెంటర్ పోతే అదే సమాధిలో పెట్టారు.

ఈ మధ్య తెలుగులో ఇలాంటి ప్రేమల మీద కథలొస్తున్నాయి, సంతోషం. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం ఇంట్లో తెలిసిపోవడం దగ్గరో, ఒకరు హైదరాబాదు బస్సెక్కడం దగ్గరో ఆగిపోయాయి. ఇలాంటి ప్రేమను నేరంగా చూస్తూ బ్రిటిష్‌వాళ్లు 1860లో తెచ్చిన 377వ సెక్షన్‌ను మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న సడలించింది. పెళ్లి హక్కు ఇవ్వడానికి 2023 అక్టోబర్‌లో ఒప్పుకోలేదు. అంటే భయం కొంత తగ్గింది, కాగితం మాత్రం రాలేదు. రెండెకరాల చెలక, ఒక బోరు, ఇద్దరు మగవాళ్లు. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున? బీమా కాగితంలో నామినీగా ఎవరు? ఒకరికి జబ్బు చేస్తే ఆస్పత్రిలో సంతకం ఎవరిది? కోతలప్పుడు ఏ ఇంటి చుట్టాలు సాయానికొస్తారు?

ఈ ప్రశ్నల మీద నిదానంగా కూర్చుని కథ రాయమని ఇక్కడున్న యువ రచయితలను అడుగుతున్నాను. నిర్వాహకులకూ ఒక విన్నపం: వచ్చే ఏడు ఈ వేదిక మీద ఉపన్యాసానికి బదులు అలాంటి కథ ఒకటి చదివించండి. నా బదులుగా ఆ రచయితకే శాలువా కప్పండి.