కృష్ణా జిల్లాకు పోయిన అవ్వలు

పట్టాలు అందుకుంటున్న బిడ్డలారా, వెనుక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులారా!

మాడుగులపల్లి నుంచి కోదాడ దాకా ఏ ఊళ్లోనైనా ఎనభై దాటిన అవ్వ కనిపిస్తే, రజాకార్ల దాడుల కాలంలో మీవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారని అడగండి. 1947, 48లలో మన నల్లగొండ జిల్లా జనం ఎందరో గొడ్డూగోదా వదిలి, నిజాం హద్దు దాటి కృష్ణా జిల్లాకు పోయారు. కోదాడ పక్కనున్న మునగాల పరగణా అప్పుడు ఆ జిల్లాదే, చుట్టూ నిజాం ఇలాకా. పొలం గట్టు దాటితే మరో రాజ్యం! అక్కడా తెలుగే, అయినా నోరు విప్పితే యాస పట్టిచ్చేది. ఇక్కడి బడిలో ఉర్దూ చదువు, అక్కడ తెలుగు చదువు. నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17 తర్వాత చాలామంది తిరిగొచ్చారు. తిరిగి రావడానికి వాళ్లకు ఊరుంది.

రేపు మీలో కొందరు ఉద్యోగం కోసం హైదరాబాదు ఎల్బీనగర్‌లో బస్సు దిగుతారు. అక్కడికి దగ్గరే బాలాపూర్. వినాయకుడి లడ్డూ వేలంతో మనందరికీ తెలిసిన ఊరు. ఆ చుట్టుపక్కల బస్తీల్లో మన అవ్వల్లాగే హద్దు దాటి మయన్మార్‌లోని అరకాన్ నుంచి వచ్చిన రోహింగ్యాలున్నారు. 1982 పౌరసత్వ చట్టం వాళ్లను పుట్టిన గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 2012లో, మళ్లీ 2017లో వాళ్ల ఊళ్లు తగలబడ్డాయి. వాళ్ల భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. కూలికి పోయే తండ్రికి ముందు వంటబట్టేది హైదరాబాదు ఉర్దూ. తెలుగును ఇంటికి తెచ్చేది బడికి పోయే పిల్ల. ఆసుపత్రిలో డాక్టరు మాట అమ్మకు, అమ్మ నొప్పి డాక్టరుకు చెప్పాల్సింది కూడా ఆ పిల్లే. పదేళ్లకే అంత బరువు!

వాళ్లు మనలో కలవరని కొందరంటారు. నేనొప్పుకోను. నేర్చుకుంటే వచ్చేవన్నీ నేర్చుకుంటున్నారు. కాగితం నేర్చుకుంటే రాదు కదా! 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే కార్డు ఉంది, దానితో ఆధార్ రాదు. ఆధార్ లేనివాళ్లకు బ్యాంకు ఖాతా తెరవడం ఎంత కష్టమో మీకు తెలుసు.

మీలో కొందరు రేపు బడిలో, బ్యాంకులో, ఆసుపత్రి చీటీలిచ్చే కిటికీ వెనుక కూర్చుంటారు. తల్లి చెయ్యి పట్టుకొని ఆ పిల్ల మీ దగ్గరికే వస్తుంది. వచ్చీరాని తెలుగులో తడబడుతుంది. “నిదానంగా చెప్పు బిడ్డా” అనండి. పూర్తిగా వినండి.