తుప్పుకు మందుంది, పగులుకు లేదు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాభిక్ష కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ రోజును తలచుకుని ఏటా కలుసుకుంటున్నాం. డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "ఇంటికి పనికొచ్చే ముక్క ఏదైనా చెప్పండి" అన్నారు. అందుచేత ఇనుప మూకుడు గురించి చెబుతాను. నవ్వకండి. దాని విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే నా కోరిక.

మా అమ్మ వాడిన పోత ఇనుప మూకుడు ఒకటి మా ఇంట్లో ఉండేది. మందపాటిది, రెండు చెవులది. అందులో ఆమె దిబ్బరొట్టి కాల్చేది. మినపపిండిలో బియ్యపురవ్వ కలిపి, దట్టంగా పోసి, మూతపెట్టి, కింద సన్నని సెగ, మూతమీద నాలుగు నిప్పులు. అడుగు ఎర్రగా కరకరలాడేది, లోపల మెత్తగా ఉండేది.

ఈమధ్య మా మనవరాలు "డచ్ ఓవెన్" అనే పాత్ర కొని తెచ్చి చూపించింది. అదీ మందపాటి పోత ఇనుమే, బిగువైన మూత. వెనుకటి రోజుల్లో వాళ్ళూ మూతమీద నిప్పులు వేసేవారట. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ అనే ఆయన ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోతపోసే పద్ధతికి 1707లో పేటెంటు పొందాడు. "తల్లీ, ఇది మీ తాతమ్మ మూకుడే" అన్నాను. "అదేదీ తాతయ్యా?" అని అడిగింది. నావద్ద జవాబు లేకపోయింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి కప్పు కారింది. అటకమీది మూకుడు తడిసి, ఎర్రగా తుప్పుపట్టింది. ఇక పనికిరాదనుకుని పాత ఇనుము కొనేవాడికి కిలోల లెక్కన ఇచ్చేశాను. మా ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. తరువాత చాలాకాలం మా ఇంట్లో దిబ్బరొట్టి కాలలేదు.

పోత ఇనుము తుప్పు పైపైనే ఉంటే పోతుందని తరువాత తెలుసుకున్నాను. రాళ్ళుప్పు, చింతపండు గుజ్జు వేసి కొబ్బరిపీచుతో తోమాలి. కడిగి, పొయ్యిమీద తడి పూర్తిగా ఆర్చాలి. వేడిగా ఉన్నప్పుడే నువ్వులనూనె గుడ్డతో పలచగా రాసి, మిగులు తుడిచేసి, సన్నగా పొగ వచ్చేవరకు కాచి చల్లార్చాలి. కిటికీలు తెరిచి ఉంచండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లని పొరగా అంటుకుంటుంది. నూనె ఎక్కువ రాస్తే జిగురు కడుతుంది. కొత్త మూకుడుకూ ఇదే పద్ధతి.

పగులుకు మాత్రం మందు లేదు. పోత ఇనుము గట్టిదే గాని పెళుసు. కిందపడితే చిట్లుతుంది. కాగిన మూకుడులో చన్నీళ్ళు గుమ్మరించినా అంతే.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. చెవి పట్టుకుని వేలితో కొట్టండి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులు ఉండవచ్చు. మందం అంతటా సమంగా ఉండాలి. మూత చుట్టూ సరిగా కూర్చోవాలి. రెండు చెవులున్నదే కొనండి. మన వయసువాళ్ళకు ముఖ్యం బరువు. ఖాళీ పాత్ర కాదు, సగం నీళ్ళు పోసి ఎత్తి చూడండి. మణికట్టు ఒప్పుకోకపోతే చిన్నది తీసుకోండి. లోపల ఎనామిల్ పూత ఉన్నదానికి నూనె పట్టించనక్కరలేదు, పులుపూ వండుకోవచ్చు. కాని ఖాళీగా కాచకూడదు, ఇనుప గరిట తగిలించకూడదు.

పూత లేని మూకుడులో పులుసు, చారు కాచి నిలవ ఉంచకండి. పులుపు ఆ నల్లని పొరను తినేస్తుంది, వంటకు ఇనుపరుచి వస్తుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసి, మూకుడు చల్లారాక గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పొయ్యిమీద ఆర్చి, చుక్క నూనె రాయండి. మనది సముద్రపు గాలి. వానాకాలంలో మూత బిగించి పెట్టకండి, లోపల కాగితం వేయండి.

ఇనుప పాత్రలో వండితే ఆహారంలోకి కొంత ఇనుము చేరే మాట నిజమే. కాని అది రక్తహీనతకు రాసిన మాత్రలకు బదులు కాదు. ఒంట్లో ఇనుము ఎక్కువైందని చెప్పించుకున్నవారు డాక్టరుగారిని అడిగి వాడండి.

బుడితి ఇత్తడి, కంచు సామాను మన శ్రీకాకుళానికి పేరు తెచ్చింది. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించడం మన పెద్దలు మరువలేదు. ఇనుముకు అడిగేది చుక్క నూనె, రోజూ వాడకం. మూలన పెడితేనే దానికి తుప్పు. ఆ మాట మనకూ వర్తిస్తుందేమో!

మిత్రులారా, ఇవాళ ఇంటికి వెళ్ళగానే అటక ఒకసారి చూడండి. ఎర్రబడిన మూకుడు కనిపిస్తే పాత ఇనుము బండిని పిలవకండి. ముందు వేలితో కొట్టి చూడండి. ఖంగుమంటే మీ ఇంటి పెద్దావిడను పిలవండి. నాకు ఆ అవకాశం పోయింది. కొత్త మూకుడు కొన్నాం, రొట్టి బాగానే కాలుతోంది. అమ్మ చెయ్యి తగిలిన మూకుడు మాత్రం తిరిగి రాదు.