బయానా ఇచ్చే ముందు సంఘంలో ఒక మాట

(మండల సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు పాడి గేదెల గురించో, కుట్టు మిషన్ల గురించో చెబుతామని మీరు అనుకొని ఉంటారు. మేము ఇంటి గురించి మాట్లాడదామని వచ్చాం. పాత ఇల్లు కొనడం, దాన్ని బాగుచేయించుకోవడం, ఆ రెండింటి మధ్యలో మనిషి నలిగిపోవడం గురించి. ఈ మూడేళ్ళలో మా సంఘంలో నలుగురు ఇంటి పని పెట్టుకున్నారు. సంఘంలో తీసుకున్న పెద్ద అప్పులన్నీ వాటికే పోయాయి. గేదె కొంటే పాలమ్మి కిస్తీ కడతాం. ఇల్లు కొంటే పాలివ్వదు కదా. కిస్తీ మన ఒంటి కష్టంలో నుంచే రావాలి. పైగా ఒకరు కట్టలేకపోతే బ్యాంకులో చెడేది సంఘం మొత్తం పేరు. అందుకే ఇది ఒక ఇంటి సంగతి కాదు, అందరి సంగతి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు స్థలం కొని కట్టేంత స్తోమత లేక పాత స్లాబు ఇల్లు కొని రిపేరు చేయించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మా సంఘంలో ఒక అక్క అలాగే కొన్నది. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే ఇక్కడ లెక్కలు చెబుతున్నాం. పేరు మాత్రం చెప్పం.

ఆమె కుట్టు పని చేస్తది, భర్త ఆటో నడుపుతాడు. పదకొండేళ్ళు అద్దె ఇంట్లో ఉన్నారు. నెలకు 4,000 అద్దె. ఊళ్ళోనే రెండు గదుల పాత ఇల్లు 8,00,000కు అమ్మకానికి వచ్చింది. "రేపటికల్లా బయానా ఇవ్వకపోతే ఇంకొకళ్ళకు ఇచ్చేస్తాం" అన్నారు అమ్మేవాళ్ళు. అలా తొందరపెట్టినప్పుడే మనం ఆగాలి. ఆమె ఆ రాత్రే మా రెండో లీడరు ఇంటికొచ్చి చెప్పింది. పొద్దున్నే సంఘం కూర్చున్నది. బయానాకు ముందు కాగితాలు చూడాలన్నాం.

ఏమేం చూశామో చెబుతాం, మీకు పనికొస్తది. మొదటిది, ఇల్లు ఎవరి పేరున ఉంది, వాళ్ళకు ఎలా వచ్చింది. అసలు దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు అడిగాం. రెండోది ఈసీ. దాన్ని మీ సేవలో తీసుకోవచ్చు. ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు అందులో కనబడతాయి. రిజిస్టరు కాని నోటి అప్పులు, నోటి ఒప్పందాలు కనబడవు. కాబట్టి ఈసీ బాగుందని చెప్పి ఇరుగుపొరుగును అడగడం మానొద్దు. మూడోది, ఇంటి పన్ను, కరెంటు బిల్లు బాకీలు. నాలుగోది, ఆ స్థలం 22-ఏ అనే నిషేధిత జాబితాలో ఉందా లేదా. ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలాల అమ్మకం మీద 1977 నాటి చట్టం ఉంది. అలాంటి స్థలాన్ని తెల్ల కాగితం మీద రాయించుకొని కొంటే డబ్బు పోతది, స్థలమూ దక్కదు.

ఇంకొక మాట. నోటరీ అగ్రిమెంటు ఉంది, జీపీఏ ఉంది, చాలు అంటారు. చాలదు. వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న ఇల్లు, స్థలం అమ్మితే రిజిస్ట్రేషన్ కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. జీపీఏ మీద జరిగిన అమ్మకంతో ఆస్తి హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది.

ఈ కాగితాలు చూస్తుంటేనే ఒక సంగతి బయటపడింది. ఇల్లు కట్టించిన తండ్రి, తల్లి ఇద్దరూ పోయారు. వీలునామా లేదు. ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు. వాళ్ళకొక చెల్లెలు ఉంది, పక్క మండలంలో ఇచ్చారు. "ఆమెకు కట్నం ఇచ్చేశాం, ఆమెకేం సంబంధం" అన్నారు అన్నదమ్ములు. సంబంధం ఉంది. తండ్రి సొంత ఆస్తిలో, వీలునామా లేకపోతే, కొడుకుతో సమానంగా కూతురికీ వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. పిత్రార్జితంలో కూడా పెళ్ళికాని ఆడపిల్లలకు హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళకూ వచ్చింది. కట్నం ఇచ్చామంటే ఆ హక్కు పోదు.

అక్కడ మా సంఘంలోనే రెండు మాటలు వచ్చాయి. కొందరు, "ఆమె చేత ఏదో ఒకటి చెప్పి సంతకం పెట్టించుకుంటే సరిపోద్ది, లేకపోతే రేటు పెరుగుద్ది" అన్నారు. ఇంకొందరు, "ఆమె కూడా మనలాగే ఏదో ఒక సంఘంలో ఉండే ఆడమనిషే. ఏం పెడుతున్నదో తెలియకుండా ఆమె సంతకం పెడితే, రేపు మన పుట్టింట్లో మనకూ అంతే" అన్నారు. గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఇద్దరం బస్సెక్కి ఆమె దగ్గరకు వెళ్ళాం. ఇల్లు ఎంతకు అమ్ముతున్నారో, చట్టంలో ఆమెకు ఏముందో చెప్పాం. తీసుకోవాలా, వదులుకోవాలా అన్నది ఆమె ఇష్టమన్నాం. ఆమె అన్నలతో మాట్లాడుకొని 1,00,000 తన ఖాతాలో వేయమన్నది. ఆ లక్ష అన్నల వాటాలో నుంచే పోయింది, రేటు పెరగలేదు. ముగ్గురూ వచ్చి రిజిస్ట్రేషన్‌లో సంతకాలు పెట్టారు. రేపు ఆ ఇంటి మీదికి ఎవరూ కోర్టుకు రారు.

కొన్నవాళ్ళ వైపు కూడా ఒక మాట అడిగాం. అప్పు అక్క పేరున ఉంది, పూచీ సంఘానిది. మరి దస్తావేజు భర్త ఒక్కడి పేరున ఎందుకు? మొదట ఆయన మొహం మాడ్చుకున్నాడు. తర్వాత, "ఇద్దరి పేర్లూ రాయించండి" అని ఆయనే డాక్యుమెంటు రైటరుకు చెప్పాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కష్టం తర్వాత మొదలైంది.

ఇంటికి 8,00,000, రిపేరుకు 1,00,000, మొత్తం 9,00,000 అనుకున్నారు. పొదుపు, చిట్టీ డబ్బు 3,00,000. బంగారం కుదువ పెట్టి 2,00,000. సంఘం అప్పు 1,50,000. మిగతా 2,50,000 రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చారు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ లెక్కలో లేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి నూటికి ఏడున్నర రూపాయలు. ఎనిమిది లక్షలకు 60,000.

మేస్త్రి వచ్చి చూసి, "లక్షలో అయిపోద్దమ్మా" అన్నాడు. నోటి మాటే, కాగితం లేదు. వాన పడ్డాక స్లాబు కారింది. లోపల పెచ్చులు కొడితే కడ్డీలు తుప్పు పట్టి ఉన్నాయి. స్లాబు పనికి 70,000. పాత వైర్లు మార్చడానికి 45,000. బాత్రూము, సెప్టిక్ ట్యాంకుకు 75,000. వంటగది గట్టు, కొత్త పైపులకు 30,000. రంగులకు 20,000. మొత్తం 2,40,000. రిజిస్ట్రేషన్‌తో కలిపితే అనుకున్నదానికి పైన సరిగ్గా రెండు లక్షలు. అది కూడా రెండు రూపాయల వడ్డీకే తెచ్చారు. 4,50,000కు నెలకు వడ్డీయే 9,000. అసలులో ఒక్క రూపాయి తీరదు. సంఘం కిస్తీ 5,000 వేరే. నాలుగు వేల అద్దె తప్పించుకుందామని వెళ్ళిన మనిషి నెలకు పద్నాలుగు వేలు కడుతున్నది.

డబ్బు ఒక్కటే కాదు. మూడు నెలలు సిమెంటు దుమ్ములోనే కాపురం. వరండాలో పొయ్యి. పిల్ల పదో తరగతి, చదువుకోవడానికి మూల లేదు. మేస్త్రి అడ్వాన్సు తీసుకొని ఇంకో ఇంటి పనికి పోయాడు. వాకిలి వాస్తుకు లేదని అత్తగారు, గుమ్మం మార్చొద్దని భర్త. కుట్టు పనికి టైమే లేదు, అంటే రాబడి కూడా తగ్గింది. రాత్రి నిద్ర పట్టక లెక్కలు వేసుకునేదట. ఎన్నిసార్లు వేసినా అదే లెక్క.

ఇదంతా ఆమె మాకు చెప్పలేదు. మాకు ఎలా తెలిసిందంటే, రెండు మీటింగులకు పొదుపు డబ్బు పిల్లతో పంపింది, తను రాలేదు. అక్కలూ, ఈ గుర్తు పెట్టుకోండి. పొదుపు వచ్చి మనిషి రాలేదంటే అక్కడ ఏదో ఉంది. పుస్తకంలో బాకీ కనబడే నాటికి చాలా ఆలస్యమైపోద్ది.

లీడర్లు ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం. "ఏం మొహం పెట్టుకొని రావాలి, అందరూ కొత్త ఇల్లు ఎలా ఉందని అడుగుతారు" అని ఏడ్చింది. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించాం. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. ఆయనకు తెలియని అప్పు ఒకటి, ఆమెకు తెలియనిది ఒకటి బయటికొచ్చాయి. కొంచెంసేపు గొడవ కూడా అయింది. కానీ ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే లెక్క చూస్తున్నారు.

అప్పుడే మాకు కొత్త బ్యాంకు లింకేజీ వచ్చింది. ఇంటి రిపేరుకు, ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుకోవడానికి సంఘం అప్పు వాడుకోవచ్చని రిజర్వు బ్యాంకు నియమాల్లోనే ఉంది. ఆమె వంతు 2,00,000 ఇద్దామా అని మీటింగులో పెట్టాం. ఇద్దరు వద్దన్నారు. "అందరం పూచీ పడాలి, కట్టలేకపోతే మా పిల్లల ఫీజుల అప్పు ఆగిపోద్ది" అన్నారు. అది తప్పు మాట కాదు. అందుకని షరతులు రాసుకున్నాం. ఆ డబ్బు నేరుగా బయటి అప్పుకే పోవాలి, తీరినట్టు చీటీ తెచ్చి చూపాలి. ప్రహరీ, గేటు పనులు ఆపాలి. కుదువలో ఉన్న గొలుసు అమ్మాలి. ఆమె ఒప్పుకోవడానికి వారం పట్టింది. అది ఆమె అమ్మ పెట్టిన గొలుసు. ధర పెరిగి ఉండటంతో కుదువ అప్పు తీరిపోయి, ఇంకో లక్ష మిగిలింది. అదీ బయటి అప్పుకే కట్టారు. ముందు గది 2,500కు అద్దెకిచ్చారు.

ఇప్పుడు బయట మిగిలింది 1,50,000, వడ్డీ 3,000. పాత కిస్తీ 5,000, కొత్త కిస్తీ 6,650. అద్దె పోగా నెలకు 12,150 కడుతున్నారు. చూడటానికి పెద్దగా తగ్గినట్టు ఉండదు. కానీ ఇప్పుడు కట్టే ప్రతి కిస్తీలో అసలు తీరుతోంది. మూడేళ్ళలో సంఘం అప్పు అయిపోద్ది. ఆమె మీటింగుకు వస్తోంది. కష్టం ఇంకా ఉంది, అయిపోయిందని చెప్పం.

దీని తర్వాత మా సంఘం తీర్మానాల పుస్తకంలో ఇవి రాసుకున్నాం. మీకు నచ్చితే మీరూ రాసుకోండి.

ఒకటి, ఇల్లు కొనే సభ్యురాలు బయానాకు ముందు సంఘానికి చెప్పాలి. ఇద్దరు సభ్యులు తోడు వెళ్ళి కాగితాలు చూడాలి. అమ్మేవాళ్ళ ఆడబిడ్డలు ఎవరెవరో తప్పకుండా అడగాలి.

రెండు, సంఘం అప్పు వాడితే దస్తావేజులో సభ్యురాలి పేరు ఉండాలి.

మూడు, రిజిస్ట్రేషన్ ఖర్చు ముందే లెక్కలో వేయాలి. రిపేరుకు మేస్త్రి చెప్పినదానికి రెట్టింపు పక్కన పెట్టుకోగలిగితేనే దిగాలి.

నాలుగు, పాత ఇంటిని వానాకాలంలో చూడాలి. కుదరకపోతే స్లాబు మీద నీళ్ళు నిలబెట్టి ఒక రోజు ఆగి కింద చూడాలి. తుప్పు మరకలు, పెచ్చులు ఉంటే ఆ ఖర్చు రేటులో తగ్గించమనాలి.

ఐదు, మేస్త్రితో ఒప్పందం కాగితం మీద, పని పనికీ వేరుగా ఉండాలి. డబ్బు పని అయినంతవరకే ఇవ్వాలి. పై నుంచి కిందికి రావాలి: ముందు స్లాబు, తర్వాత వైర్లు, పైపులు, ఆ తర్వాత నేల, అన్నిటికన్నా చివర రంగులు. సిమెంటు బస్తా మీద తేదీ చూడాలి, మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. కొత్తగా చేసిన సిమెంటు పనికి నీళ్ళు కొట్టడం మరవొద్దు, అది మనమే చూసుకోవాలి.

ఆరు, పొదుపు పంపి రెండు మీటింగులకు రాని సభ్యురాలి ఇంటికి లీడర్లు వెళ్ళాలి. బాకీ వసూలుకు కాదు, పలకరించడానికి.

సమాఖ్య పెద్దలకు ఒక విన్నపం. ఈసీ ఎలా చదవాలో, దస్తావేజులో ఏం చూడాలో ప్రతి గ్రామ సంఘంలో ఇద్దరికి శిక్షణ ఇప్పించండి. పుస్తకాలు రాయడం నేర్చుకున్నాం, బ్యాంకులో మాట్లాడటం నేర్చుకున్నాం, ఇదీ నేర్చుకుంటాం.