చదరంగం: ఏ రూలు ఊరిది, ఏ రూలు పోటీది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవలసిన సభలో చదరంగం సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. సాయంత్రం పూట మనలో చాలామందికి కాలక్షేపం ఆ ఆటే. ముప్పై ఏళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసి ఒక్క మాట అనుకోని వాళ్ళు కూడా, రాజు గుర్రం ఎత్తు వేయవచ్చా లేదా అన్న దగ్గర పావులు కలిపేసి లేచిపోతున్నారు. ఇక తాత దగ్గర నేర్చుకున్న పిల్లవాడు బడి పోటీకి వెళ్ళి, "అట్లా ఆడకూడదు" అనిపించుకుని చిన్నబోయి ఇంటికి వస్తున్నాడు. తాత చెప్పింది అబద్ధమా అని వాడికి అనుమానం. ఈ రెండు నష్టాలూ తప్పించుకోదగ్గవే.

సర్వీసులో ఉన్నప్పుడు ఒక జీవో రావడం, దాని మీద గందరగోళం పుట్టడం, తర్వాత క్లారిఫికేషన్ రావడం మనకు అలవాటే. ఈ ప్రసంగాన్ని కూడా అటువంటి క్లారిఫికేషన్ అనుకోండి.

మొదట చరిత్ర. చతురంగమంటే రథ, గజ, తురగ, పదాతులు అనే నాలుగు అంగాల సైన్యం. ఆటగా దీని ప్రస్తావన ఏడో శతాబ్దంలో బాణుడు రాసిన హర్షచరితంలోనే ఉంది. ఇక్కడి నుంచి పారశీకానికి, అక్కడి నుంచి అరబ్బులకు, వారి ద్వారా ఐరోపాకు వెళ్ళింది. పారశీకంలో షా అంటే రాజు. మనం రాజును బెదిరించి "షా" అనేది ఆ మాటే. తెలుగువాళ్ళ వాటా తక్కువేమీ కాదు. బొడ్డుచర్ల తిమ్మకవి కృష్ణదేవరాయలతో చదరంగం ఆడి మెప్పించి కొప్పోలు అనే ఊరు బహుమానంగా పొందాడని మన సాహిత్యంలో చెప్పుకుంటారు. "ఎత్తుకు పైఎత్తు", "ఆట కట్టించడం" అనే పలుకుబళ్ళు ఈ పలక మీద నుంచే మన నోళ్ళలోకి వచ్చాయి.

పాత ఆటలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. దూరం పోయే మంత్రి, దూరం పోయే శకటు సుమారు 1500 ప్రాంతంలో ఐరోపాలో వచ్చిన మార్పు. మన రచ్చకట్టల మీద ఆడే ఆటలో కూడా మంత్రి దూరం పోతాడు. అంటే మనది అనుకునే ఆట కూడా మారుతూ వచ్చినదే. కాబట్టి ఎవరిది అసలు, ఎవరిది నకిలీ అనే వాదన దండగ. ఇవి రెండు ఆటలు. రెండింటినీ కలిపినప్పుడే తగువు వస్తుంది.

ఇక తేడాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

ఒకటి, బంటు. ఊరి ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. పోటీ ఆటలో మొదటిసారి రెండు గడులు నడవవచ్చు. అట్లా రెండు గడులు దూకి పక్కన వచ్చి నిలిచిన బంటును, ఒక్క గడే నడిచినట్టు భావించి ఎదుటి బంటు చంపవచ్చు. అది కూడా వెంటనే, ఆ ఒక్క ఎత్తులోనే. రెండు గడుల నడక లేని ఊరి ఆటలో ఈ చంపుడుకు చోటే లేదు.

రెండు, రాజు. ఎక్కువ తగువులు ఇక్కడే. ఊరి ఆటలో రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అయితే అంతకు ముందు షా పడి ఉండకూడదు. పోటీ ఆటలో ఆ దూకుడు లేదు, దాని బదులు క్యాస్లింగ్ ఉంది. రాజు ఏనుగు వైపు రెండు గడులు జరుగుతాడు, ఏనుగు రాజు మీదుగా వచ్చి పక్కన నిలుస్తుంది. రెండూ అంతవరకు కదలకుండా ఉండాలి, మధ్యలో పావులు ఉండకూడదు. రాజు ఆ క్షణంలో షాలో ఉండకూడదు, షా పడే గడి దాటకూడదు, అటువంటి గడిలో దిగకూడదు. మునుపెప్పుడో షా పడినా, రాజు కదలకుండా తప్పించుకుని ఉంటే క్యాస్లింగ్ హక్కు పోదు. "ఒకసారి షా పడింది, ఇక లేదు" అనడం ఊరి రూలును పోటీ ఆట మీద రుద్దడమే.

మూడు, బంటు చివరి గడి చేరడం. పోటీ ఆటలో మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. మంత్రి బతికి ఉండగానే రెండో మంత్రిని కూడా తెచ్చుకోవచ్చు. ఊరి ఆటలో చాలాచోట్ల బంటు ఏ నిలువు వరుసలో చేరితే ఆ వరుస పావే అవుతుంది. అదీ ఆ పావు చచ్చి ఉంటేనే.

నాలుగు, షా లేకుండానే రాజుకు గానీ మరే పావుకు గానీ కదలిక లేకపోవడం. పోటీలో అది డ్రా. కొన్ని ఊళ్ళలో అటువంటి ఎత్తు వేయనివ్వరు, వెనక్కి తీయమంటారు. ఇంగ్లండులో కూడా ఒకప్పుడు అట్లా ఇరుక్కున్నవాడే గెలిచినట్టు లెక్క. రూళ్ళు అక్కడా ఒక్కరోజులో కుదరలేదన్నమాట.

ఐదు, పోటీలో ముట్టుకున్న పావునే కదపాలి. ఇంట్లో పిల్లలకు ఈ అలవాటు ముందే నేర్పండి.

ఊరి ఆట తెలిసినవాడు పోటీ ఆటలో వెనకబడతాడని భయపడనక్కరలేదు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ చిన్నప్పుడు నేర్చుకున్నది మన దేశపు పద్ధతే. పోటీ రూళ్ళు తర్వాత నేర్చుకుని 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. మన దేశంలో మొదటి జాతీయ పోటీ 1955లో మన ఏలూరులోనే జరిగింది. అందులో రామచంద్ర సప్రేతో సమంగా ప్రథమ స్థానంలో నిలిచినవారు మన ఆంధ్రుడు డి. వెంకయ్యగారు. ఆ దారిలోనే గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోను, 2024లోను ప్రపంచ రాపిడ్ ఛాంపియన్ అయింది.

చివరగా రెండు మనవులు. పలక పరిచేటప్పుడే "ఊరి ఆటా, పోటీ ఆటా?" అని అడిగి మొదలుపెట్టండి. ఆ ఒక్క మాటతో సగం తగువులు తీరతాయి. మనుమలకు రెండూ నేర్పండి, కానీ ఏది ఏదో చెప్పి నేర్పండి.

రెండోది, పోటీ రూళ్ళు పుస్తకాల్లో ఉన్నాయి, ఎప్పటికీ ఉంటాయి. ఊరి రూళ్ళు మన తలల్లోనే ఉన్నాయి. మనది సరిహద్దు తాలూకా. శకటును కన్నడంవాళ్ళు ఒంటె అంటారు. పావగడ వైపు నుంచి వచ్చినవారు ఒక రకంగా, పెనుకొండ వైపువారు మరో రకంగా ఆడవచ్చు. వానలు లేని ఏళ్ళలో పొలం పని లేక చెట్టు నీడన పెద్దలు ఏ పద్ధతిలో ఆడారో చూసినవాళ్ళం మనమే చివరి తరం. మీ ఊళ్ళో రాజు ఎట్లా దూకేవాడో, బంటు ఏమయ్యేదో ఒక కాగితం మీద రాసి, ఊరి పేరు వేసి సంఘానికి ఇవ్వండి. సర్వీసంతా ఫైళ్ళు రాసిన చేతులు మనవి. ఈ ఒక్క ఫైలు కూడా రాసి పెడదాం.