మాటల నడుమ బొమ్మలు

ఒక సంస్థలో కలసి పనిచేయువారు పలువురు నేడు తమ సంప్రదింపులను స్లాక్ వంటి సంభాషణ వేదికలలో జరుపుకొనుచున్నారు. మీ ఇండ్లలోని యువతీయువకులలోను ఇట్టివారు ఉండవచ్చును. వారు వ్రాసిన మాటల ప్రక్కన చిన్న చిన్న బొమ్మలు కనిపించును. వానినే ఎమోజీలందురు.

జపాను దేశమున 1999లో షిగెటాకా కురిటా డొకోమో సంస్థకై రూపొందించిన 176 బొమ్మలు వీనికి సుప్రసిద్ధములైన పూర్వరూపములు. అడ్డముగా 12, నిలువుగా 12 చుక్కలలో ఇమిడిన ఆ బొమ్మలను 2016లో న్యూయార్కులోని ఆధునిక కళా సంగ్రహాలయము తన సేకరణలో చేర్చుకొన్నది.

నేడు ప్రపంచమంతట వాడుకలోనున్న ఎమోజీలకు యూనికోడ్‌లో సంఖ్యలు కలవు. కావున అవి ఏ యంత్రమునకు వెళ్ళినను గుర్తింపబడును. కాని ఒక బృందమువారు తమకై తాము చేర్చుకొనిన బొమ్మల సంగతి వేరు. అవి ఇంటిలో పెట్టుకొనిన ముద్దుపేర్ల వంటివి. గడప దాటిన పిమ్మట వాని నెవరును ఎరుగరు.

ఒక కార్యాలయములో లెక్కల పెద్దగారి కళ్ళజోడును ఎవరో బొమ్మగా గీసి చేర్చిరనుకొందము. ఒక పత్రము క్రింద ఆ కళ్ళజోడు కనిపించినచో, "లెక్క సరిచూచితిమి" అని అర్థము. అయితే సందేశములో నిలువ యుండునది బొమ్మ కాదు. రెండు కోలన్ గుర్తుల నడుమ దాని పేరు మాత్రమే. ఆ వేదికను మూసివేసినచో, దాచుకొనిన సందేశములలో పేరు మిగులును, బొమ్మ మాయమగును. పది సంవత్సరముల పిమ్మట చదువువానికి ఆ లెక్కను సరిచూచిరో లేదో తెలియదు.

కనుక మూసివేతకు ముందే బొమ్మలన్నిటిని దింపి భద్రపరుపవలెను. వందలకొలదిగా నున్నవానిని ఒక్కొక్కటిగా తీయుట విసుగు పని. స్లాక్‌లో దీనికై 'ఎమోజీ లిస్ట్' అను విన్నపము కలదు. దాని నంపినచో ప్రతి బొమ్మ పేరును, అది యుండు చిరునామాయు జాబితాగా వచ్చును. పిమ్మట ఒక చిన్న ప్రోగ్రాము ఆ చిరునామాల వెంట పోయి, తొందరపడక, ఒకదాని వెనుక నొకటిగా బొమ్మలను తెచ్చును.

ఇందు గమనింపవలసినవి కొన్ని కలవు. బొమ్మకు గల పేరునే ఫైలునకును పెట్టవలెను. కదలెడు బొమ్మలను జిఫ్ రూపముననే ఉంచవలెను. రూపము మార్చినచో కదలిక పోవచ్చును. కొన్ని పేర్లకు చిరునామాకు బదులు మరియొక పేరు కనిపించును. అవి మారుపేర్లు, వానిని వేరొక పట్టికలో వ్రాసికొనవలెను. తుదకు ఫైళ్ళను, మారుపేర్లను కలిపి లెక్కించినచో జాబితాలోని సంఖ్యకు సరిపోవలెను.

ఆ జాబితాలో లేనిది ఒకటి కలదు: బొమ్మను చేర్చినవారి పేరు. అది వేదికలోని ఎమోజీల నిర్వహణ పుటలో కనిపించును. దానిని తప్పక వ్రాసికొనుడు. రేడియో కేంద్రములో టేపు పెట్టెపై చీటీ ఊడిపోయినచో, లోపలి గొంతు ఎవరిదో చెప్పుట కష్టము గదా! సంస్థను విడిచిపోయినవారు గీసిన బొమ్మల విషయమున ఈ చీటీ మరింత విలువైనది.

ఈ పనికి టోకెన్ అను రహస్యపు తాళపుచెవి కావలెను. నిర్వాహకుల అనుమతి గైకొని, ఎమోజీలను చదువుటకు మాత్రమే చాలు తాళపుచెవిని చేయించుకొనుడు. ఎవరో అపరిచితులు వ్రాసిన పనిముట్టుకు దాని నప్పగింపకుడు. పని ముగియగనే రద్దు చేయుడు. సహోద్యోగుల ముఖములతో చేసిన బొమ్మలున్నచో, వారి నడుగక వేరొకచోట వాడరాదు.

స్లాక్‌లో ఒకమారు తొలగించిన కార్యస్థానమును మరల తెచ్చుట సాధ్యము కాదు. కావున సందేశములను దాచుకొను నాడే బొమ్మలను కూడ దాచుకొనవలెను.