తీర్పు: ఒక మాట, ఒక బాధ్యత
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



డెబ్భై ఐదేళ్ల పండుగనాడు పాఠశాల ఘనతను పెద్దలు చక్కగా వివరించారు. నేను ఒక్క మాటను గురించి మాత్రమే విన్నవించుకుంటాను. ఆ మాట 'తీర్పు'. వార్తాపత్రిక చదువుతున్న తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె, "మేడమ్, తీర్పు అంటే శిక్షేనా?" అని నన్ను అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

తీర్పు అచ్చమైన తెలుగు మాట. 'తీరు' అనే ధాతువు నుండి పుట్టినది. తీరడమంటే ముగియడం, తీర్చడమంటే ముగించడం. అప్పు తీరుస్తాము, దాహం తీరుస్తాము, సందేహం తీరుస్తాము. పని తీరితే లభించేది తీరిక. తగవు తీర్చే పెద్దమనిషి తీర్పరి. ఈ బంధువర్గంలో ఎక్కడా దండన అనే అర్థం కనిపించదు. తెగక మిగిలినదానిని తెగేటట్లు చేయడమే ఇందులోని భావం. ఇక 'తగవు' అనే మాట కథ విచిత్రమైనది. ప్రాచీన కావ్యభాషలో దానికి న్యాయమని, ఔచిత్యమని అర్థం. నేడు జగడమని వాడుతున్నాము. న్యాయం కోరి వెళ్లినవారు పోట్లాడుకోగా చివరకు మాటే మారిపోయింది కాబోలు!

మన ఇరుగుపొరుగు కన్నడిగులు కూడా 'తీర్పు' అనే అంటారు. తమిళులది 'తీర్ప్పు'. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి చేరింది. తాలూకాలను పంచగలిగారు గాని ఈ మాటను పంచలేకపోయారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కన్నడ దేశపు చాళుక్య రాజధాని కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రచించిన మితాక్షరను ఆధారం చేసుకొని, పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగులో ధర్మశాస్త్రం చెప్పాడు. న్యాయచింతనకు ఎల్లలు లేవనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

ఆధునిక చట్టం ఏమంటుంది? 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండవ సెక్షన్ ప్రకారం, డిక్రీకి గాని ఉత్తర్వుకు గాని న్యాయమూర్తి చెప్పే కారణాల వివరణయే జడ్జిమెంటు. ఎవరు గెలిచారన్నది డిక్రీ చెబుతుంది, ఎందుకు గెలిచారన్నది తీర్పు చెబుతుంది. ఓడినవానికి కూడా కారణం తెలుసుకునే హక్కున్నది. అది తెలియనిదే అతని మనసులో వివాదం తీరదు.

ఈ సత్యం నాకు పుస్తకంలో కంటె ముందు తరగతి గదిలో తెలిసింది. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, వేరొక ఊరిలో, ఒక బాలుని కలం పోయింది. అందరూ వేలు చూపించిన పిల్లవాణ్ణి, వాని మాట వినకుండానే, మధ్యాహ్నం వరకు బయట నిలబెట్టాను. మరునాడు ఆ కలం పోగొట్టుకున్నవాని సంచి అడుగునే దొరికింది. నిందపడిన పిల్లవానికి అందరి ఎదుట క్షమాపణ చెప్పాను. వాడు తల ఊపాడే గాని, ఆ సంవత్సరమంతా నన్ను ఒక్క సందేహమూ అడగలేదు. నేను వేసినది శిక్ష, తీర్పు కాదు. ఆ బాకీ నాకు నేటికీ తీరలేదు.

పిల్లలను తీర్చిదిద్దడం మన వృత్తి అంటాము. అందులోనూ ఉన్నది ఆ 'తీర్చు' అనే మాటే. కనుక తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. బిడ్డ తప్పు చేసినట్లు తోచినప్పుడు ముందుగా వాని మాట వినండి, పిమ్మట నిర్ణయించండి, కారణం వానికి అర్థమయ్యేటట్లు చెప్పండి. ఆ బాలికకు నేను చెప్పిన సమాధానం కూడా ఇదే.